ఎడారి కాచిన ఎండ

పదకొండు నలభై రెండుకి ఫోను మోగుతుంది.
శాంతియాగో నుంచి. గొంతు ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది.
"నూట ఎనభై నుంచి నలభైకి దించండి."
యస్నా విల్చెస్ నిబంధన ప్రకారం తిరిగి అప్పజెబుతుంది:
"నలభైకి. పదకొండు నలభై మూడు."
కంప్యూటరు ఎలాగూ రాసుకుంటుంది,
అయినా తనూ పుస్తకంలో రాసుకుంటుంది.

మీట నొక్కితే
నాలుగు లక్షల పలకలు తల తిప్పుకోవు, కళ్ళు మూసుకోవు.
తెల్లారగట్ల బ్రష్షులతో తుడిచిన ముఖాల మీద
ఎండ పడుతూనే ఉంటుంది.
ఇన్వర్టర్ల గదుల్లో మాత్రం
జోరీగల రొద సన్నగిల్లి
ఒక్కో గదీ ఊరుకుంటుంది.

దక్షిణానికి పోయే తీగలు కిక్కిరిసి ఉన్నాయి.
మధ్యాహ్నం యూనిట్ ధర సున్నా.
కడుపు నిండిన గ్రిడ్డుకి గారెలు చేదు.

అడవి కాచిన వెన్నెల సంగతి మనకి తెలుసు.
ఇది ఎడారి కాచిన ఎండ,
అటకామాలో,
వాన ఎలా ఉంటుందో
ముసలాళ్ళని అడిగి తెలుసుకునే చోట.

గేటు దాటి మూడు కిలోమీటర్లు వెళితే పోసో సెకో.
పందొమ్మిది గడపలు.
ఊరి నెత్తి మీంచే పోతాయి
రెండు లక్షల ఇరవై వేల వోల్టులు.
పొగమంచు పట్టిన రాత్రి తీగలు చిటపటమంటే
కుక్కలు పైకి చూసి మొరుగుతాయి.
ఊరికి డీజిలే గతి.
ఎనిమిదికి మొదలు, పన్నెండుకి బందు.
లారీ రాని వారం కొవ్వొత్తులు.

గురువారాలు క్యాంటీనుకి మేకపాల చీజ్ తెస్తుంది
దొమితిలా కోల్కే.
వచ్చినప్పుడల్లా ఫోను ఛార్జింగుకి పెట్టి
నిండేదాకా ప్లగ్గు పక్కనే కూర్చుంటుంది,
పొయ్యి మీద పాలు పెట్టినట్టు.
ఒక గురువారం శాంతియాగో మాటలు చెవిన పడ్డాయి.
"పారబోస్తున్నారా?"
"పారబొయ్యడం కాదు. వాళ్ళు తీసుకోవడం లేదు."
"అదే. ఆ పోసేదేదో
మా వైపు ఒక బిందెడు వంచకూడదా?"

యస్నా చెప్పింది. ఓపిగ్గానే చెప్పింది.
అంత వోల్టేజి తిన్నగా ఇళ్ళకి రాదని,
సబ్‌స్టేషన్ కావాలని,
దాని ఖర్చు ముందు పందొమ్మిది ఇళ్ళు ఆనవని,
మా కంపెనీ తయారుచేసేదే గానీ పంచేది కాదని,
పంచే కంపెనీ వేరే ఉందని, ఆఫీసు కలామాలో అని.
చెబుతూ ఉండగానే తన మాటలు తనకే
బంతిలో ఆకులు వేశాక వడ్డన ఆపి
పిలుపు ఉన్నవాళ్ళెవరని వాకబు చేస్తున్నట్టు వినిపించాయి.

దొమితిలా తలూపింది.
"కలామాకి మూడు బస్సులు మారాలి" అంది.
ఫోను తొంభై ఆరు దగ్గర ఉంది.
నూరు అయ్యేదాకా ఆగింది.

ఊళ్ళో కంపెనీ ఇచ్చిన సోలారు దీపస్తంభం ఒకటుంది.
క్రిస్మసు ముందు పాతారు, ఫోటో తీసుకున్నారు.
రెండో ఏడు బ్యాటరీ చచ్చిపోయింది.
స్తంభం గట్టిది. బట్టల తాడు కట్టుకున్నారు.

ఆగస్టు గాలికి ఎగిరిన రాయి తగిలి
సాలెగూడులా బీటలిచ్చిన పలక ఒకటి
తుక్కు జాబితాలో చేరింది.
తుక్కు కలామా పోవాలి.
యస్నా పికప్పు ఆరోజు కలామా వైపు తిరగలేదు.
పుస్తకంలో అన్నీ రాసుకునే మనిషి
ఇది మాత్రం రాయలేదు.

దొమితిలా మేనల్లుడు ఫెర్మీన్
ముడిపడ్డ వైర్లు, పాత లారీ బ్యాటరీ తెచ్చి
మధ్యాహ్నమంతా తిట్టుకుంటూ బిగించాడు.
పగిలిన పలక సగమే పనిచేస్తుంది.
ఆ సగానికి
దించమని ఎవరూ ఫోను చెయ్యరు.

ఏడున్నరకి మళ్ళీ శాంతియాగో.
దేశమంతా ఒక్కసారే స్విచ్చులు వేసుకుంటోంది.
"మీ దగ్గర ఇంకేమైనా ఉందా?"
మర్యాదే, కాస్త తొందర కూడా.
యస్నా కిటికీలోంచి చూసింది.
కొండల అంచున ఎరుపు, అదీ ఆరిపోతోంది.
"లేదండీ. సున్నా. ఏడు ముప్పై ఒకటి."

రాసుకుని తలెత్తితే
ఊళ్ళో జనరేటరు దగ్గడానికి ఇంకా అరగంట ఉంది,
ఒక కిటికీ మాత్రం
పసుపుగా ఉంది.